విద్యుచ్ఛక్తి సైకిలు: ఆలమూరు బాటపై చట్టపు గీత

సైకిలునకును మోటారు బండికిని మధ్య నొక గీత గలదు. ఆ గీతకు ఈవలనున్న వానికి లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు, భీమా అక్కరలేదు. ఆవలనున్న వానికి మూడును వలయును. నిన్నటివరకు ఈ గీత యెక్కడనున్నదో చదువురానివానికిని తెలిసియుండెను. కాలితో త్రొక్కునది సైకిలు. నూనెతో నడచునది మోటారు బండి. నేడు కాలితోను బ్యాటరీతోను కలసి నడచు బండి వచ్చినది. ఇది యే పక్షమున చేరును? దీనికి ఢిల్లీలో వ్రాసిన సమాధానమొకటి యున్నది. ఆ సమాధానము ఆలమూరు సైకిలువానికి చేరలేదు. చేరకపోవుటవలన అతనికిని, అతని కెదురుగా నడచి వచ్చువారికిని కలుగగల కీడెట్టిదో పాఠకులకు విన్నవింపదలచినాము.

ఆలమూరు గౌతమికి ఉత్తరపు గట్టుననున్న మండల కేంద్రము. పూర్వము కోనసీమ యనిన గౌతమికి దక్షిణముననున్న భూమినే చెప్పెడివారు. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఈ ప్రాంతమును కోనసీమ జిల్లాలో చేర్చిరి. ఈ సీమయంతయు సమతలము. ఎక్కుటకు కొండ లేదు, దిగుటకు లోయ లేదు. కాలువ గట్లు, వరిచేలు, కొబ్బరితోటలు, లంకభూములు. వీని నడుమ ఇరుకైన బాటలు. సైకిలున కింతకన్న అనుకూలమైన దేశము మరియొకటి యుండబోదు. జొన్నాడ వద్ద గౌతమి వంతెన దాటినచో రావులపాలెము. అచ్చటి అరటి మార్కెట్టు ఎల్లరెరిగినదే. సైకిలున కిరుప్రక్కల గెలలు వ్రేలగట్టుకొని లంకలనుండి పోవు రైతును ఈ దారిని చూడనివారు లేరు. ఆ వంతెన మీదుగనే చెన్నపట్టణమునకును కలకత్తాకును పోవు 16వ నెంబరు జాతీయ రహదారి సాగుచున్నది. 2010లో అంకెలు మార్చువరకు దానినే 5వ నెంబరు రహదారి యనెడివారు. గెలల సైకిలును సరకుల లారీయు ఒకే దారిని నడచుచున్నవని దీని యర్థము.

ఇట్టి చోట విద్యుచ్ఛక్తి సైకిలు గొప్ప మేలు చేయగలదు. మోకాళ్లు సడలిన రైతు తన చేనికి ఎవరి సాయమును కోరక పోయివచ్చును. కూరగాయలు, చేపలు తిరిగి అమ్ముకొను స్త్రీ పగలంతయు త్రొక్కి డస్సిపోనక్కరలేదు. కళాశాలకు పోవు బాలిక బస్సుకొరకు వేచియుండనక్కరలేదు. 36 వోల్టులు, 10 ఆంపియరు-గంటల బ్యాటరీని నిండుగా నింపుటకు యూనిట్టులో మూడవవంతుకు కొంచెము మించిన విద్యుత్తు చాలును. పెట్రోలు ధరను చూచి నిట్టూర్చు గృహస్థునకు ఇది తక్కువ సౌకర్యము కాదు. కావున ఈ బండిని మేము స్వాగతించుచున్నాము. స్వాగతించుచున్నాము గనుకనే దాని చట్టమును గూర్చి నిక్కచ్చిగా మాటలాడవలసియున్నది.

చట్టమేమి చెప్పుచున్నది?

మన దేశమున మోటారు వాహనములకు మొదటి చట్టము 1914లోను, రెండవది 1939లోను పుట్టినవి. ఇప్పుడు నడచుచున్నది 1988 నాటి చట్టము. ఇది 1989 జూలై 1వ తేదీనుండి అమలున నున్నది. యంత్రబలముచే నడచుచు రోడ్డుపై వాడుటకు తగిన బండి యెల్ల మోటారు వాహనమేయని దీని 2వ సెక్షను 28వ ఉపవిభాగము నిర్వచించుచున్నది. ఆ బలము ఆవిరిది గానీ, నూనెది గానీ, విద్యుత్తుది గానీ, చట్టమునకు భేదము లేదు. ఈ నిర్వచనమును బట్టి చూడగా, చక్రమునకు మోటారు బిగించిన సైకిలు ఆ క్షణముననే మోటారు వాహనమైపోవలసినదే.

అట్లు కాకుండ కాపాడునది 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలోని 2వ నిబంధన, 'యు' అను ఉపవిభాగము. కొన్ని షరతులు తీరిన బ్యాటరీ బండిని మోటారు వాహనముగా భావింపరాదని అందు మినహాయింపు గలదు. ఆ షరతులివి: మోటారు ముప్పది నిమిషముల శక్తి 250 వాట్లకు లోపుగా నుండవలయును. బండి గరిష్ఠ వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోపుగా నుండవలయును. తగిన బ్రేకులుండవలయును, రాత్రివేళ వెలుగును తిరుగగొట్టు అద్దపు బిళ్లలు, ముందు తెల్లనిది వెనుక నెఱ్ఱనిది, ఉండవలయును. బ్యాటరీ బరువు తీసివేసిన పిమ్మట ఖాళీబండి 60 కిలోలకు మించరాదు. ఇక కాలితో త్రొక్కు బండికి తోడుగా మోటారున్నచో, వేగము పెరిగినకొలది ఆ తోడు క్రమముగా తగ్గి, 25 కిలోమీటర్లు చేరునప్పటికి పూర్తిగా నిలిచిపోవలయును. త్రొక్కుట మానినచో అంతకుముందే నిలిచిపోవలయును.

వీనికన్నిటికిని మీద మరియొక షరతు గలదు. దీనిని కొనువారిలో పలువురు మరచుచున్నారు. ఈ గుణములు బండికి ఉన్నవని అమ్మువాడు చెప్పిన చాలదు. నిబంధనలలో పేర్కొనిన పరీక్షాసంస్థ పరీక్షించి ధ్రువపరుపవలయును. పూనాలోని ఆటోమోటివ్ రీసెర్చి అసోసియేషను, మానేసరులోని అంతర్జాతీయ ఆటోమోటివ్ టెక్నాలజీ కేంద్రము అట్టి సంస్థలు. ధ్రువపత్రము లేని బండికి మినహాయింపు లేదు. స్వేచ్ఛ యున్నది, కాని యది షరతుతో గూడిన స్వేచ్ఛ.

అంకెల వెనుకనున్న న్యాయము

250 వాట్లు, 25 కిలోమీటర్లు అను నీ యంకెలు గుమాస్తా చేతికి తోచినట్లు పడినవి కావు. ఒక అశ్వశక్తి 746 వాట్లు. కావున 250 వాట్లనగా అశ్వశక్తిలో మూడవవంతు. మన రైతు చేనిలోని అయిదు అశ్వశక్తుల పంపు మోటారు దీనికి ఇంచుమించు పదునైదు రెట్లు. ఆరోగ్యవంతుడైన సామాన్యుడు సైకిలు త్రొక్కునపుడు ఎడతెగక నూరు వాట్ల ప్రాంతమున శక్తిని వెచ్చింపగలడు. 250 వాట్ల తోడు దొరికినచో అతనికి మరి యిద్దరు మువ్వురు మనుష్యుల కాళ్లు దొరికినట్లు. అంతకు మించినచో త్రొక్కువాని కాలు నామమాత్రమై, మోటారే యజమాని యగును. చట్టము గీసిన గీత యిచ్చటనున్నది: మోటారు మనుష్యునకు తోడుగానున్నంతవరకు అది సైకిలు, మనుష్యుడు మోటారునకు బరువుగా మారిన క్షణమున అది మోటారు బండి.

వేగము సంగతియు నిట్టిదే. గంటకు 25 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు ఏడు మీటర్లు పోవును. 45 కిలోమీటర్ల వేగమున పండ్రెండున్నర మీటర్లు పోవును. ఎదుట పసిబిడ్డ అడ్డుపడినపుడు బ్రేకు నొక్కవలెనని తోచుటకే ఒక సెకను పట్టుననుకొన్నచో, మొదటి బండి ఏడు మీటర్లు, రెండవది పండ్రెండున్నర మీటర్లు బ్రేకు తగులకయే పోయియుండును. తాకిడి బలము వేగమునకు సరిగా పెరుగదు. వేగము రెట్టింపైన తాకిడి నాలుగు రెట్లగును. ఈ లెక్కను 25 నుండి 45కు పెరిగినచో తాకిడి మూడింతలకు మించును. త్రొక్కుడు బండికని చేసిన సన్నని చక్రము, రబ్బరు బ్రేకు దీనికి తాళజాలవు. అందును గెలలు కట్టిన బండి బరువు వేరు. కాలువ గట్టున ఎదురువచ్చు బండికి తొలగుటకు చోటును ఉండదు.

ప్రపంచమంతయు ఈ గీతను ఇంచుమించు ఇచ్చటనే గీచినది. ఇంగ్లండులో 1983లో విద్యుత్తు తోడుగల త్రొక్కుడు బండ్లకు ప్రత్యేక నిబంధనలు చేసి, వానిని లైసెన్సు, రిజిస్ట్రేషను, భీమాలనుండి విడిచిపెట్టిరి. కాని పదునాలుగేండ్లు నిండనివారు నడుపరాదనిరి. 2015లో వాని శక్తిపరిమితిని 250 వాట్లకు సవరించిరి. ఐరోపా సమాఖ్య 2002లో 250 వాట్లు, 25 కిలోమీటర్లు అను హద్దును పెట్టి, త్రొక్కుట మానిన మోటారు ఆగవలెనని శాసించెను. 1993లో ఇట్టి బండ్లు మొదట అంగళ్లకు వచ్చిన జపానులో తోడు 24 కిలోమీటర్లకు ఆగిపోవలయును. అమెరికా మాత్రము 2002 నాటి శాసనమున 750 వాట్లవరకు, గంటకు 20 మైళ్లవరకు నున్న బండిని సైకిలు వస్తువుగానే పరిగణించి, రోడ్డు నియమములను రాష్ట్రములకు విడిచినది. మన నిబంధన ఐరోపా త్రోవలోనిది. ఒక్క భేదము గలదు. కాలితో త్రొక్కనక్కరలేని చిన్న బ్యాటరీ బండికిని, శక్తియు వేగమును పై హద్దుకు లోబడియున్నచో, మనవారు మినహాయింపు నిచ్చిరి. ఈ ఔదార్యమే ఇప్పుడు దుర్వినియోగమునకు ద్వారమైనది.

గీత దాటించువారు

దుర్వినియోగము రెండు విధములు. మొదటిది, పరీక్షకు పంపిన బండి యొకటి, అమ్మిన బండి వేరొకటి. పరీక్షాసంస్థ కడ 25 కిలోమీటర్లకు ఆగిన బండికి అంగటిలో ఒక తీగ విడదీసినచో, ఒక మీట నొక్కినచో, 45 కిలోమీటర్లు పరుగెత్తును. కొన్నవాని చేతికి 'లైసెన్సు అక్కరలేదు' అను మాటతోకూడ ఆ రహస్యమును ఉచితముగా నిచ్చుచున్నారు. 2022 మే నెలలో మహారాష్ట్ర రవాణా శాఖ ఇట్టి బండ్లపై తనిఖీలకు పూనుకొనవలసివచ్చినదన్న, ఈ వాడుక ఎంత దూరము ప్రాకినదో ఊహింపవచ్చును.

రెండవది, పాత సైకిలునకు మోటారు, బ్యాటరీ, తీగలు కొని ఇంటిలో బిగించుకొనుట. ఇది పల్లెలకు సహజమైన తెలివి. పనిముట్టును మరమ్మతు చేసుకొని మెరుగుపరచుకొనుట రైతు రక్తములోనే యున్నది. దానిని మేము ఎగతాళి చేయము. కాని చట్టము దృష్టిలో ఆ బండిని ఏ పరీక్షాసంస్థయు చూడలేదు. అందు బిగించినది 250 వాట్లకు లోపలి మోటారే యైనను మినహాయింపు కోరుటకు పత్రము లేదు. 350 వాట్లో, 500 వాట్లో అయినచో చెప్పవలసినదే లేదు.

ఇచ్చట న్యాయవాదులొక వాదమును తేగలరు. నాలుగు చక్రములకు తక్కువగల బండి యింజను పరిమాణము 25 ఘన సెంటీమీటర్లకు మించనిచో అది మోటారు వాహనము కాదని ఆ నిర్వచనముననే యున్నది. 1988లో 35గా నున్న యీ యంకెను 1994లో 25కు తగ్గించిరి. విద్యుత్తు మోటారునకు ఘనపరిమాణమే లేదు గదా, కావున ఎంత బలముగల విద్యుత్సైకిలైనను విడుదల పొందవలెనని వారి తర్కము. ఈ తర్కమే నిలిచినచో రిజిస్టరై తిరుగుచున్న విద్యుత్ స్కూటర్లన్నియు సైకిళ్లు కావలసివచ్చును. ప్రభుత్వము బ్యాటరీ బండ్లకు వాట్ల లెక్కను వేరుగా నిర్ణయించినది ఈ చిక్కును తీర్చుటకే. తెలివైన వాదమును నమ్ముకొని రోడ్డు మీదికి పోవుట వివేకము కాదు.

మరియొక భ్రమ గలదు. మేము పెద్ద రోడ్డెక్కము, కాలువ గట్టుననే తిరుగుదుము, మాకేల చట్టమని కొందరు. ప్రజలకు నడచు హక్కున్న త్రోవ యెల్ల, రాచబాటయైనను కాకున్నను, బహిరంగ స్థలమేయని 2వ సెక్షను 34వ ఉపవిభాగము చెప్పుచున్నది. మూడవ సెక్షను ప్రకారము లైసెన్సు వలసినది అట్టి స్థలమున నడుపుటకే. కాలువ గట్టు దానికి వెలికాదు. ఊరి సందు వెలికాదు. స్వంత చేనిలో కంచెలోపల నడుపుకొన్నవానిని మాత్రము ఎవ్వరును అడుగరు.

గీత దాటినచో నేమగును?

మినహాయింపు పోయిన క్షణమున ఆ సైకిలు చట్టము కంటికి రిజిస్ట్రేషను లేని, భీమా లేని మోటారు సైకిలు. దానిపైనున్నవాడు లైసెన్సు లేని డ్రైవరు. లైసెన్సు లేక నడిపినందుకు 181వ సెక్షను ప్రకారము 5,000 రూపాయల జరిమానా గానీ మూడు నెలల వరకు ఖైదు గానీ, లేక రెండును గానీ విధింపవచ్చును. రిజిస్ట్రేషను లేనందుకు 192వ సెక్షను, భీమా లేనందుకు 196వ సెక్షను, శిరస్త్రాణము లేనందుకు 194-డి సెక్షను వేరువేరుగా తగులును. బండి స్వరూపమును అక్రమముగా మార్చుకొన్న యజమానికి 182-ఏ సెక్షను నాలుగవ ఉపవిభాగము క్రింద ఆరు నెలల వరకు ఖైదు గానీ, ఒక్కొక మార్పునకు 5,000 రూపాయల జరిమానా గానీ కలదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు అట్టి బండితో నేరము చేసినచో, 199-ఏ సెక్షను తండ్రినో సంరక్షకునో దోషిగా భావించును: మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. కుమారునకు మోజుగా కొనియిచ్చిన బండి యని తండ్రి అనుకొనును. చట్టము అట్లనుకొనదు.

అయినను జరిమానాలు చిన్న సంగతి. పెద్ద సంగతి భీమా. మోటారు బండి తగిలి మనుష్యుడు మరణించినను, అంగవికలుడైనను అతనివారు ప్రమాద పరిహార ట్రిబ్యునలునకు పోవుదురు. బండికి భీమా యున్నచో కంపెనీ చెల్లించును. భీమా లేనిచో ఆ సొమ్ము యజమానియే చెల్లించవలయును. చెల్లింపనిచో 174వ సెక్షను క్రింద ట్రిబ్యునలు జిల్లా కలెక్టరునకు పత్రము పంపును. కలెక్టరు దానిని భూమిశిస్తు బకాయివలె వసూలు చేయును. భూమిశిస్తు బకాయి యనిన నేమో మా పాఠకులలో భూస్వాములకు వేరుగా వివరింపనక్కరలేదు. ఒక తీగ విడదీసి పొందిన ఇరువది కిలోమీటర్ల వేగమునకు వెల యెకరమో, రెండెకరములో కావచ్చును.

తగిలినవాడే యిట్లు చెడగా, తగిలించుకొన్నవాని గతి యింకను హీనము. తన్ను గాయపరచినవాడు పేదవాడై, ఆస్తి లేనివాడైనచో, తీర్పు చేతికి వచ్చినను సొమ్ము రాదు. చట్టబద్ధమైన విద్యుత్సైకిలు తగిలినవానికి ట్రిబ్యునలు మార్గమే లేదు, అది మోటారు వాహనము కాదు గనుక. అతడు సామాన్య సివిలు కోర్టులో దావా వేసికొనవలసినదే. వేగము తక్కువ గనుక తాకిడియు తక్కువగా నుండునను నమ్మకముపై చట్టము ఈ లోటును సహించినది. వేగపు హద్దు త్రుంచినవాడు ఆ నమ్మకమునే త్రుంచుచున్నాడు. లైసెన్సు లేకయుండుట యతనికి సుఖము. భీమా లేకయుండుట యెదుటివానికి నష్టము. ఒకని సుఖమును మరియొకని ఎముకలపై కట్టరాదు.

మోటారు వాహనము కానంతమాత్రమున నియమమే లేదనియు తలపరాదు. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను ప్రజల దారిపై దుడుకుగా ఏ బండిని నడిపినను శిక్షించును. అందు మోటారు బండియని ప్రత్యేకింపలేదు. నిర్లక్ష్యముచే ప్రాణము తీసినచో 106వ సెక్షను గలదు. సైకిలువాడును ఎడమప్రక్కనే పోవలయును, రాత్రి కనబడునట్లు పోవలయును. పూర్వము పురపాలక సంఘములు సైకిలుపై పన్ను వసూలుచేసి బిళ్ల నిచ్చెడివి. దీపము లేని సైకిలును పోలీసులు రాత్రివేళ నిలిపెడివారు. పన్ను పోయినది, దీపము కూడ పోయినది. పన్ను పోవుట మంచిదే. దీపము పోవుట మంచిది కాదు.

ప్రభుత్వపు బాధ్యత

ఇంతవరకు ప్రజల ధర్మమును చెప్పితిమి. ప్రభుత్వ ధర్మము దీనికన్న తక్కువది కాదు. మేము పేర్కొనిన నిబంధన కేంద్ర గెజెట్టున హిందీలోను ఇంగ్లీషులోను అచ్చైనది. ఆలమూరున సైకిలు కొనువాడు ఆ రెంటిలో దేనిని చదువును? అతనికి తెలిసిన చట్టము అంగడివాడు నోటితో చెప్పిన చట్టమే. తెలుగును రాజభాషగా నిర్ణయించిన చట్టము 1966లోనే చేసితిమి. అయినను పౌరుని జేబును, స్వేచ్ఛను తాకు నిబంధన నేటికిని అతని భాషలో అతని యెదుటికి రాకపోవుట స్వపరిపాలనకు తగిన లక్షణము కాదు. తెలియని చట్టమును ఉల్లంఘించినందుకు పేదవానిని శిక్షించుట పరప్రభుత్వము నాటి యలవాటు. దానిని మనము నిలుపుకొనరాదు.

రెండవ లోపము సహాయమున పక్షపాతము. విద్యుద్వాహనములకు కేంద్రము 2019లో ప్రారంభించి 2024 మార్చితో ముగించిన రెండవ 'ఫేమ్' పథకమున ద్విచక్ర వాహనములకు రాయితీ యున్నది, కాని యది వేగముగల రిజిస్టరైన స్కూటర్లకు. పట్టణపు ఉద్యోగి స్కూటరునకు ఖజానా సొమ్ము దొరకినది. లంకరైతు సైకిలునకు దొరకలేదు. చట్టమునకు లోబడియున్న చిన్న బండిని ప్రోత్సహింపక, కొనువాడు చౌకకు ఆసపడి పరీక్షలేని సరకును కొనునట్లు చేసి, పిమ్మట అతనిని నేరస్థుడనుట న్యాయము కాదు. ఢిల్లీ ప్రభుత్వము 2022లో విద్యుత్సైకిళ్లకు రాయితీని ప్రకటించినది. పంట కాలువల సీమకు అట్టి యాలోచన అంతకన్న ఎక్కువ తగును.

మూడవది, పోలీసుల కష్టము. దారిలో నిలిచిన హెడ్డు కానిస్టేబులునకు 250 వాట్ల మోటారేదో, 500 వాట్ల మోటారేదో చూచి చెప్పు సాధనము లేదు. అట్టిచో రెండు తప్పులు జరుగుటకు వీలు గలదు: దోషిని విడుచుట, నిర్దోషిని నిలుపుట. ధ్రువపత్రమున్న సైకిలువానిని లైసెన్సు చూపుమని వేధించుట చట్టవిరుద్ధమని పోలీసులకును తెలియవలయును. ఆ పత్రము చూపగలవానికి ధైర్యము కలుగవలయును.

కావున మా సూచనలివి. పరీక్షలో నెగ్గిన ప్రతి బండికిని, తీయరాని యొక లోహపు రేకుపై మోటారు శక్తి, గరిష్ఠ వేగము, ధ్రువపత్రపు సంఖ్య తెలుగులో కొట్టి బిగింపవలయును. అప్పుడు కొనువాడును, కానిస్టేబులును ఒక్క చూపుతో తెలిసికొందురు. అమ్ము ప్రతి అంగటిలోను నిబంధనను తెలుగులో వ్రాసి వ్రేలగట్టవలయును. ఇంగ్లండునందువలె పదునాలుగేండ్ల వయఃపరిమితిని పెట్టవలయును. మన మినహాయింపునందు వయస్సు మాటయే లేదు. అద్దపు బిళ్లలతో తృప్తిపడక రాత్రి దీపమును తప్పనిసరి చేయవలయును. ఇంటిలో మోటారు బిగించుకొన్న రైతు తన బండిని తక్కువ రుసుముతో జిల్లాలోనే పరీక్ష చేయించుకొను వీలు కల్పింపవలయును. పూనాకు పొమ్మనుట పరిహాసము. ఏడాదికి స్వల్పమైన చందాతో ఎదుటివానికి రక్షణనిచ్చు భీమాను సైకిళ్లకును ఏర్పాటు చేయవలయును. ఇక శిక్షయందు వరుస తప్పరాదు. వేగపు కళ్లెము తీసియిచ్చు తయారీదారును, అంగడివానిని మొదట పట్టవలయును. అట్టివారికి 182-ఏ సెక్షనున బండి యొక్కింటికి లక్ష రూపాయల జరిమానా, ఏడాది వరకు ఖైదు ఇదివరకే వ్రాసియున్నవి. వ్రాసిన దానిని వాడుటకు క్రొత్త చట్టమక్కరలేదు.

కొనదలచినవారికి నాలుగు మాటలు. పరీక్షాసంస్థ పత్రము ప్రతిని రశీదుతోకూడ తీసికొనుడు, ఇవ్వనిచో కొనకుడు. రశీదుపై మోటారు వాట్లు వ్రాయించుడు. 'తీగ తీసినచో ఇంకను వేగముగా పోవును' అను అంగడివాని మాట ఉచిత సలహా కాదు, మీ ఆస్తిపై వ్రాయుచున్న ప్రామిసరీ నోటు అని తలపుడు. రాత్రి నిద్రపోవుచు పడకగదిలో బ్యాటరీని ఛార్జి పెట్టకుడు; 2022 ఏప్రిలులో విజయవాడలో ఒక యింట స్కూటరు బ్యాటరీ ఛార్జిలోనుండగా ప్రేలి ఒకరు ప్రాణము గోల్పోయిన సంగతి మరువరాదు. వంతెనపైకి పోవునపుడు గెలల వెడల్పు మీ చక్రపు వెడల్పు కాదని, వెనుక వచ్చు లారీకి మీ బండి సైకిలుగానే కనబడునని జ్ఞాపకముంచుకొనుడు.

ఇంగ్లండులో 1865లో యంత్రపు బండి ముందు ఎఱ్ఱజెండా పట్టుకొని మనుష్యుడు నడువవలెనని చట్టము చేసిరి. 1896లో ఆ భయము తగ్గి బండికి స్వేచ్ఛ నిచ్చిరి. మనము విద్యుత్సైకిలునకు ఎఱ్ఱజెండా కట్టుమనుటలేదు. దానికి స్వేచ్ఛ మొదటనే లభించినది. ఆ స్వేచ్ఛను నిలుపుకొనుట యిప్పుడు సైకిలువాని చేతిలో నున్నది. వేగపు కళ్లెము త్రెంచిన బండ్లవలన నాలుగు ప్రమాదములు జరిగినచో, ప్రభుత్వము మంచి చెడ్డలు విడదీసి చూచు ఓపిక లేక అన్ని సైకిళ్లకును లైసెన్సు, రిజిస్ట్రేషను విధించు దినము వచ్చును. అప్పుడు నష్టపోవువాడు తీగ విడదీసిన యువకుడు కాడు. అతడు స్కూటరు కొనుక్కొనును. నష్టపోవువారు మోకాళ్లు సడలిన లంకరైతు, చేపలమ్ముకొను స్త్రీ, కళాశాలకు పోవు బాలిక. వారి సైకిలును సైకిలుగా నిలుపుటకే ఈ గీత. దానిని ప్రభుత్వము తెలుగున చదివి వినిపింపవలయును, ప్రజలు దాటకుండవలయును.